నాంపల్లి లాడ్జిలో పెళ్లిచూపులు

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నాంపల్లి దిగేవాళ్ళు లాడ్జి కౌంటర్లో అద్దె కంటే ముందు అడగాల్సింది చెక్అవుట్ సంగతి. 24 గంటలైతే సరే. మధ్యాహ్నం 12 లెక్కయితే మాత్రం, పొద్దున్న ఆరింటికి తాళంచెవి పుచ్చుకున్నవాడికి స్నానం, టిఫిను, చిన్న కునుకు అయ్యేసరికి ఒకరోజు అద్దె హారతైపోతుంది. మాకు తగిలింది 12 లెక్కే. గోడమీద బోర్డులో మాత్రం 24 అనే ఉంది. "అది పాత బోర్డు సార్" అన్నాడు మేనేజరు, రిజిస్టరులోంచి తలెత్తకుండా. అద్దె 1400, బిల్లు కావాలంటే జీఎస్టీ వేరే. 2022 జూలై దాకా వెయ్యి లోపు గదికి ఈ పన్ను లేదు. తర్వాత 12 శాతం వేశారు, 2025 సెప్టెంబరులో ఐదుకి దించారు. పన్ను దిగినంతా అద్దె ఎక్కింది, నా జేబుకి తేడా ఏమీ తెలియలేదు.

చుట్టాలింట్లో దిగొచ్చు కదా అంటారు. మియాపూర్‌లో ఒకరున్నారు. కానీ మేం వచ్చింది మా చెల్లెలి కొడుకు పెళ్లిచూపులకి. వాడు కొండాపూర్‌లో ఇంకో నలుగురితో ఫ్లాటులో ఉంటాడు. అమ్మాయి అమీర్‌పేట హాస్టల్లో ఉంటుంది. వాళ్ళ అమ్మానాన్నలు నల్గొండ వైపు నించి బస్సులో రావాలి. ఇటూ ఇల్లు లేదు, అటూ లేదు. గుళ్ళో అనుకుంటే ఆదివారం జనం. హోటల్లో అయితే పక్క టేబులువాళ్ళు వింటారని మా చెల్లెలి భయం. సరే, రైలు దిగినచోటే కానిచ్చేద్దాం అన్నాడు బావ. అలా ఆ లాడ్జి రెండో అంతస్తులో మా గది పెళ్లిచూపుల వేదికైంది.

మంచాలు రెండూ గోడకి నెట్టాం. కుర్చీలు రెండే ఉన్నాయి. రూమ్‌బాయ్ పక్క గదులు తిరిగి ఇంకో నాలుగు తెచ్చాడు, నాలుగూ నాలుగు రంగులవి. మేనేజరు పైకొచ్చి గుమ్మంలో నిలబడి, "ఎంతమంది వస్తరు సార్? ఎక్కువసేపు కూసుంటే ఇంకో రూమ్ తీస్కోవాలె" అన్నాడు. సంగతి చెప్పాక మొహం మారింది. "అట్ల చెప్పున్రి మరి. పోయిన నెలల కూడ ఒకటి అయింది ఈడ, కుదిరింది" అని, కౌంటర్లో దాచుకునే ఏసీ రిమోటు తనే పంపాడు. దానికి ఛార్జీ వేశాడనుకోండి, అది వేరే విషయం.

ఎదురు గదిలో ఒక సూరత్ ఆసామి. బేగంబజార్ దుకాణాలకి చీరల శాంపిళ్ళు చూపించి ఆర్డర్లు రాసుకుపోతాడట. మంచం నిండా చీరలే, నిద్ర ఎక్కడ పోతాడో ఏమో. పక్క గదిలో ఆదిలాబాద్ వైపు దంపతులు. ఆయనకి రెడ్‌హిల్స్ ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు, వారాల తరబడి ఇక్కడే. తలుపు వెనక "గదిలో వంట చేయరాదు" అని అతికించి ఉంది. దానికిందే ఆవిడ రైస్ కుక్కరు. మేనేజరు చూసీ చూడనట్టుంటాడు, రోజుకి 50 కరెంటు ఖర్చు కింద కలుపుకుంటాడు. బాల్కనీ కమ్మీ మీద ఆయన పంచె, కిటికీలో చిన్న తులసి కుండీ. కుండీ పెట్టాక ఇంక అది లాడ్జి గదేమిటి, ఇల్లే.

పదకొండింటికి వచ్చారు ఆడపెళ్లివారు. నమస్కారాలయ్యాయి, ఉద్యోగాలు అయ్యాయి, మా పక్క వర్షాలు, వాళ్ళ పక్క వర్షాలు కూడా అయ్యాయి. రూమ్‌బాయ్ ఫ్లాస్కుతో టీ, పేపరు కప్పులు పట్టుకొచ్చాడు. నేరుగా పంచబోతుంటే చెల్లెలి అత్తగారు "ఆగు నాయనా, అమ్మాయి చేత్తో ఇప్పించాలి" అని ఆపేసింది. పళ్ళెం లేదు. ఆదిలాబాద్ ఆవిడ తన స్టీలు పళ్ళెం కడిగి తెచ్చింది గానీ గడప దాటలేదు. "మేం దవాఖానోళ్ళం, శుభకార్యం కాడికి ఎందుకమ్మా" అంది. మా చెల్లెలు చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, అందరితోపాటు బొట్టు పెట్టింది. మా చెల్లెలితో నాకు సవాలక్ష పేచీలున్నాయి, ఆ పూట మాత్రం ఏమీ అనలేకపోయాను.

అబ్బాయీ అమ్మాయీ మాట్లాడుకోడానికి బాల్కనీలోకి వెళ్లారు, పంచె పక్కకి జరిపి. లోపల పెద్దవాళ్ళకి మాటలు అయిపోయాయి. ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నాం. అప్పుడు అమ్మాయి తల్లి ఎదురు గదిలోకి తొంగిచూసి "ఆ ఆకుపచ్చది ఎంతకిస్తరు?" అంది. సూరత్ ఆయన "హోల్‌సేల్ ఓన్లీ" అన్నాడు. చెల్లెలు లేచింది. ఇద్దరూ కలిసి పావుగంట బేరమాడి, చెరో రెండు చీరలు హోల్‌సేలు రేటుకే పట్టుకొచ్చారు. వియ్యపురాళ్ళకి మాట కలిసింది మా గదిలో కాదు, ఆ చీరల మంచం దగ్గర. సంబంధం మాట తర్వాత ఫోనులో చెబుతామన్నారు. అది వాళ్ళ గొడవ.

చిన్నప్పుడు శ్రీశైలం వెళితే ఇన్ని రకాల మనుషులు ఒక వసారాలో పడే అవకాశమే లేదు. అక్కడ కులానికో సత్రం. ఏ సత్రం గుమ్మం ముందు ఆగాలో మా నాయనమ్మకి బస్సులోనే తెలుసు. అన్నం ఉచితం, గది దాదాపు ఉచితం, ఇంటిపేరు చెబితే చాలు. నాంపల్లిలో 1400 తీసుకుని ఆధార్ జిరాక్సు మాత్రం అడిగారు. ఈ లెక్కన డబ్బులు పుచ్చుకునేవాడే నయం అనిపించింది. లాడ్జి మాటకొస్తే, అమెరికాలో మా అబ్బాయి నార్త్ డకోటాలో నైఫ్ రివర్ దగ్గర హిడాట్సాలనే అక్కడి ఆదివాసుల మట్టి లాడ్జి చూసి ఫోటోలు పంపాడు. దుంగల మీద మట్టి కప్పిన గుండ్రటి ఇల్లు. ఒకే కప్పు కింద కాపురమూ, పూజా సామగ్రీ, చలికి గుర్రాలు కూడా. కట్టేదీ ఆడవాళ్ళే, సొంతదారులూ ఆడవాళ్ళేనట.

బండి సాయంత్రానికి. 12 దాటాక గది లేదు కాబట్టి సామాను కౌంటర్లో పడేసి రోడ్డున పడ్డాను. స్టేషనుకి ఎదురుగా 1919లో ఏడో నిజాం కాలంలో కట్టిన నాంపల్లి సరాయి ఉంది. బాటసారుల కోసం కట్టింది పాడుబడి ఉంది, దాని చుట్టూ లాడ్జిలు కళకళలాడుతున్నాయి. ఆటో పిలిచి గోషామహల్ బారాదరీ అన్నాను. అతను అర్థం కానట్టు చూసి, "జాదూ ఘర్ అనున్రి" అన్నాడు. 60 అడిగాడు, 50కి వచ్చాడు.

జాదూ ఏమీ లేదు, అది ఫ్రీమేసన్లనే పాతకాలపు సోదర సంఘంవాళ్ళ లాడ్జి. వాళ్ళు కూడే చోటునీ లాడ్జి అనే అంటారు. గోల్కొండ చివరి సుల్తాను తానీషా రాణివాసం కోసం కట్టించిన మహలు. 1687లో ఔరంగజేబు చేతిలో కోట పోయింది, మహలు మిగిలింది, 1872లో మేసన్ల చేతికి వచ్చింది. పరాయి మగవాడు తొంగిచూడకూడదని కట్టినచోట ఇప్పుడు మగవాళ్ళకే సభ్యత్వం. ఈ వేళాకోళం ఎవరూ కావాలని చేసింది కాదు, కాలమే చేసింది.

వాళ్ళ లాడ్జిల పుట్టుక కూడా మన నాంపల్లి బాపతే. గుడులూ చర్చీలూ కట్టే రాతిపనివాళ్ళు పని పక్కన వేసుకునే పాకలతో మొదలై, పూటకూళ్ళ ఇళ్ళలోకీ సారాయి అంగళ్ళలోకీ చేరింది. 1717లో లండన్‌లో నాలుగు లాడ్జిలవాళ్ళు అలాంటి అంగట్లోనే కూడి, అన్నిటికీ పెద్దగా గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నారని చెప్పుకుంటారు. మన దేశానికి విడిగా గ్రాండ్ లాడ్జి 1961లో వచ్చింది. లోపల నలుపు తెలుపు గళ్ళ నేల, తూర్పున పెద్దాయన కుర్చీ (వాస్తు మనకొక్కరికే కాదన్నమాట), తలుపు బయట కత్తి పట్టిన కాపలా మనిషి. ప్రమాణానికి భగవద్గీత, ఖురాను, బైబిలు, ఎవరి గ్రంథం వాళ్ళకి. వివేకానందుడు కూడా సన్యాసానికి ముందు, 1884లో, కలకత్తాలో ఒక లాడ్జిలో చేరాడు.

నాకు గేటు దగ్గర దొరికింది కత్తి లేని వాచ్‌మన్. "మెంబర్లకే సార్, మీటింగు ఉన్నప్పుడే తెరుస్తరు" అన్నాడు. మరి లోపల ఏం చేస్తారయ్యా అంటే, "నేనెప్పుడు చూడలే, భోజనాలైతే అయితయి" అన్నాడు. కాసేపు ఆ కమానుల వైపు చూస్తూ నిలబడ్డాను. అతనికి నామీద జాలి కలిగిందో, పొద్దుపోకో, ఎక్కడ దిగారని అడిగాడు. చెప్పాను. ఎంతని అడిగాడు. అదీ చెప్పాను.

"1400 ఇచ్చిన్రా? కోఠిల మా బామ్మర్ది లాడ్జి ఉన్నది, 1100కే ఇస్తడు, 24 గంటల లెక్క. నంబర్ రాస్కోన్రి."

రాసుకున్నాను.