ఏటిరా ఈ షోకులు

మా శ్రీకాకుళంలో కాస్త మెరిసే చొక్కా వేసుకుని బయల్దేరితే చాలు, అరుగు మీద కూర్చున్న ఏ పిన్నో "ఏటిరా ఈ షోకులు" అనకుండా వదలదు. ఈ షోకు అరబ్బీ 'షౌక్'. అంటే మనసు పడటం, ఒకదాని కోసం తహతహలాడటం. పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. ఉర్దూలో ఇప్పటికీ పుస్తకాలు చదవడమూ షౌకే, పావురాలు పెంచడమూ షౌకే. మన దగ్గరకొచ్చేసరికి లోపలి కోరిక జారిపోయి పైన తొడుక్కునే బట్ట, దువ్వుకునే క్రాపు మిగిలాయి. షోకిల్లా అని మనిషికే పేరు పెట్టేశాం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఫౌజుదార్లు, అంటే సైన్యమూ పాలనా చూసే అధికారులు, కూర్చున్న ఊరు మాది, అప్పట్లో శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు, ఇలాంటి మాటలు మాకు కొత్తేం కాదు.

అన్నట్టు, గాలి సోకడం, దయ్యం సోకడంలో ఉన్న సోకు వేరే మాట. అది అచ్చ తెలుగు, తాకడం అని అర్థం. షోకుని సోకు అని పలికేవాళ్ళ నోట్లో రెండూ ఒకటైపోతాయి, కొందరి వాలకం చూస్తే అదే సబబేమో అనిపిస్తుంది.

నా లెక్కలో అసలు షోకు పొందూరు ఖద్దరు పంచెది. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో వడికి, వంద కౌంటు దాకా సన్నగా తీసే నూలు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం). మెరుపుండదు, ఖరీదు మాత్రం ఉంటుంది, మరక పడుతుందేమోనని టెన్షన్ వేరే. అయినా కట్టుకుంటా.