ఐదు సెకన్లు, అరవై సెకన్ల మధ్యల ఇరుక్కున్న 502

మొన్న మూడు రోజులు హన్మకొండల మా ఇంట్ల నాకు సరిగ్గ నిద్ర లేదు. మేం చూసుకునే ఒక ఆన్‌లైన్ టెస్టుల సైట్‌కు అప్పుడొకటి అప్పుడొకటి 502 (ఎనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని చెప్పే ఎర్రర్) వస్తుండె. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌ల అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ (వచ్చిన రిక్వెస్ట్‌లను సర్వర్లకు పంచేది), దాని ఎనక రెండు జోన్లల (వేరువేరు డేటా సెంటర్లల) రెండు నోడ్ సర్వర్లు (జావాస్క్రిప్ట్ నడిపేటివి), హెల్త్ చెక్‌లు (సర్వర్ బాగుందా అని బ్యాలెన్సర్ అడిగేవి) పచ్చగనే ఉన్నయి, సీపీయూ కూడ ఖాళీనే. పొద్దున పిల్లలందరు ఒక్కసారి టెస్ట్‌కు కూసున్నప్పుడు ఏం కాకపోవు, రాత్రి పదకొండు దాటి మంది పల్చబడ్డంకనే మొదలైతుండె. లోడ్ తక్కువున్నప్పుడు పడుడేంది?

దారి చూపింది యాక్సెస్ లాగ్, అంటే ప్రతి రిక్వెస్ట్ ఏమైందో బ్యాలెన్సర్ రాసుకునే చిట్టా. అది దానంతట అది ఆన్ ఉండది, ఎస్3 బకెట్ (ఏడబ్ల్యూఎస్‌ల ఫైళ్లు దాచే జాగ) ఇచ్చి మనమే ఆన్ చేయాలె. చూస్తే బ్యాలెన్సర్ స్టేటస్ కాడ 502, పక్కన టార్గెట్ (ఎనకున్న సర్వర్) స్టేటస్ కాడ ఒట్టి గీత. అంటే సర్వర్ తప్పు జవాబు ఇచ్చుడు కాదు, అసలు జవాబే ఇయ్యలే.

బ్యాలెన్సర్ సర్వర్‌తోని తెరిచిన కనెక్షన్‌ను మళ్ల వాడుకుందామని పట్టుకొని ఉంటది, ఐడిల్ టైమౌట్ (ఖాళీ కనెక్షన్‌ను పట్టుకొని ఉండే టైమ్) డీఫాల్ట్ 60 సెకన్లు. మా నోడ్ వెర్షన్‌ల కీప్ అలైవ్ టైమౌట్ (సర్వర్ దిక్కు నుంచి అదే టైమ్) డీఫాల్ట్ 5 సెకన్లే. ఎనుమాముల మార్కెట్ల హమాలి మిర్చి బస్తా భుజానేసుకొని కాంటా కాడికి పోయేసరికి కాంటా ఎత్తేసినట్టు, బ్యాలెన్సర్ రిక్వెస్ట్ పంపేటప్పుడే నోడ్ అటు కనెక్షన్ మూస్తుంది. పొద్దున రద్దీల కనెక్షన్ ఐదు సెకన్లు ఖాళీగ ఉంటేనే కదా మూసేది, అందుకే అప్పుడు రాలే.

కీప్ అలైవ్ టైమౌట్ 65 సెకన్లకు, హెడర్స్ టైమౌట్ (రిక్వెస్ట్ హెడర్లు పూర్తిగ రావడానికి ఇచ్చే గడువు) దానికన్న ఒక సెకను ఎక్కువకు పెట్టిన. సర్వర్ టైమ్ ఎప్పుడూ బ్యాలెన్సర్ కన్న ఎక్కువే ఉండాలె, ఎనకముందు చేస్తే మళ్ల ఇదే కథ.

ఇంకోటి, హెల్త్ చెక్ దారిల డేటాబేస్‌ను అడగకుండ్రి అన్నా. డీబీ జర నెమ్మదైతే రెండు సర్వర్లు ఒక్కసారే ఎర్రగైతయి, అండ్ల సర్వర్ తప్పేం లేకపాయె. డీఫాల్ట్‌ల 30 సెకన్లకోసారి చూస్తది, వరుసగ రెండుసార్లు ఫెయిలైతే పక్కకు పెడతది.

ఆ రాత్రి పన్నెండింటికి డిప్లాయ్ చేసి (మార్పును సర్వర్ల మీద పెట్టి) పొద్దున ఆరింటిదాంక లాగ్ చూసుకుంటనే కూసున్న. 502 అని వెతికితే ఒక్క లైన్ కూడ రాలే.