పొడి రాలుతోందన్నారు: ఒక కారు పాలిష్ తయారైన తీరు

పాలిష్‌లు, కాంపౌండ్‌లు తయారుచేసే చోట ఫార్ములా రాసే కెమిస్ట్‌ని నేను. సన్నని గీతల్ని తీసి చివరి మెరుపు తెచ్చే ఫినిషింగ్ పాలిష్ ఒకటి కొత్తగా చేయాల్సి వచ్చినప్పుడు, నమూనాలను మొదటి దశ నుంచే డీటెయిలింగ్ (కారును శుభ్రం చేసి, పాలిష్ పట్టి మెరిపించే పని) అంటే ప్రాణం పెట్టేవాళ్లకు పంపాం. వాళ్లలో కొందరికి అదే వృత్తి. ఎక్కువమంది మాత్రం సెలవు దొరికితే చాలు, సొంత కారు ముందు మెషీన్ పట్టుకుని కూర్చునేవాళ్లు. వాళ్ల మాటలు సీసాలోకి ఎలా చేరాయో రాస్తున్నాను.

ఈ పనిలో చేతికి చిక్కే జాగా చాలా తక్కువ. ఇప్పటి కార్ల రంగు మీద ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక కన్నా పలచన. ఎండ నుంచి కింది రంగును కాపాడేదీ ఆ పొరే. కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు గుడ్డకు అంటుకున్న మట్టి రేణువులు దాని మీద గీసేవే స్విర్ల్ మార్కులు. గీతను తీయడమంటే దాన్ని చెరిపేయడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీసి సమం చేయడం. అరగదీసే పని ఎక్కువగా అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడిది. మోస్ కాఠిన్యం కొలతలో వజ్రానిది 10 అయితే అల్యూమినాది 9. నీళ్లు, నూనెలు కలిపిన ఎమల్షన్‌లో ఆ పొడి సమంగా తేలుతూ ఉండాలి. పాలిష్ అంటే స్థూలంగా అంతే. కష్టమంతా నిష్పత్తుల్లో ఉంటుంది.

మా ల్యాబ్ పరీక్ష ఇలా ఉండేది. నల్ల పెయింట్ వేసిన ప్యానెల్‌ను చాలా సన్నని 3000 గ్రిట్ గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ చేసి, 20 డిగ్రీల కోణంలో మెరుపు కొలిచే గ్లోస్ మీటర్ పెట్టి చూస్తాం. మొదటి నమూనాకు అంకెలు చాలా బాగా వచ్చాయి. బయటి నుంచి వచ్చిన మొదటి మాట మాత్రం, "మెరుపు బాగుందండీ, కానీ పొడి విపరీతంగా రాలుతోంది." అదే వారంలో మరొకరు, "ఇంత శుభ్రంగా పనిచేసే పాలిష్ నేను వాడలేదు" అన్నారు. సీసాలు రెండూ ఒకే బ్యాచ్‌వి.

అప్పుడు ప్రశ్నాపత్రం మార్చేశాం. పదికి ఎన్ని మార్కులు ఇస్తారన్న ప్రశ్న తీసేశాను. దాని నుంచి ఫార్ములాకు పనికొచ్చేది ఏమీ రాదు. బదులుగా ఏ మెషీన్, ఏ ప్యాడ్, ఎంత స్పీడు, నీడలోనా ఎండలోనా, ప్యానెల్ చేతికి వేడిగా తగులుతోందా, ప్యాడ్ మీద ఎన్ని చుక్కలు వేశారు, ఎన్నిసార్లు తిప్పాక పొడి మొదలైంది అని అడిగాం. ఆ చివరి ప్రశ్నే తాళం తీసింది.

పొడి ఒక్కటే రకం కాదని వాళ్ల జవాబుల్లో తేలింది. రెండు మూడు రౌండ్లకే తెల్లగా ఎగిరితే, ప్యానెల్ వేడికి నీళ్లూ తేలిక నూనెలూ ముందే ఆవిరైపోయి అల్యూమినా ఎండిపోయిందని అర్థం. మొదటి నుంచీ ప్యాడ్ అంచున ముద్దలా చేరి, తర్వాత రాలితే, పాలిష్ ఎక్కువ వేశారు. పని బాగా సాగి చివర్లో కొద్దిగా కనిపించేదాంట్లో అరిగిన క్లియర్ కోట్ కూడా కలిసి ఉంటుంది. దాన్ని తప్పించలేం, ప్యాడ్‌ను మధ్యమధ్యలో బ్రష్‌తో శుభ్రం చేసుకోవడమే. మూడింటిలో నేను మార్చాల్సింది మొదటిది.

నెమ్మదిగా ఆరే హైడ్రోకార్బన్ నూనె వైపు మళ్లాను, తేమను పట్టి ఉంచే గ్లిజరిన్ పెంచాను. వేడి ప్రాంతాల వాళ్లు సంతోషించారు. కానీ గాలిలో తేమ ఎక్కువగా ఉండేచోట నుంచి కొత్త ఫిర్యాదు వచ్చింది: తుడుస్తుంటే జిడ్డుగా సాగుతోంది, మైక్రోఫైబర్ గుడ్డ రెండుసార్లు మార్చాల్సి వస్తోంది. గ్లిజరిన్ గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది కాబట్టి అది సహజమే. అక్కడి నుంచి చాలాకాలం ఈ రెండు గట్ల మధ్యే తిరిగాం. గ్లిజరిన్ తగ్గించి, ఆ లోటును నూనెతో పూరించి, మళ్లీ రెండు వైపులా పంపడం. చివరికి కుదిరిన పాళ్లు నా లెక్క ప్రకారం ముందే రాసుకోగలిగేవి కావు. వేడిలో పనిచేసేవాడూ తేమలో పనిచేసేవాడూ ఒకే సీసా గురించి చెబుతుంటే, మధ్యలో నిలబడి వింటేనే అవి దొరుకుతాయి.

రెండో పెద్ద చిక్కు మసక. మెత్తటి క్లియర్ కోట్ ఉన్న నల్ల కార్ల మీద, ఒకే బిందువు నుంచి పడే గట్టి లైటు కింద, పలుచని పొగలాంటి తెర కనిపిస్తోందని కొందరు రాశారు. మా ప్యానెళ్ల పెయింట్ గట్టిది, దాని మీద ఏమీ కనబడదు. అందుకే మెత్తటి పెయింట్ వేసిన ప్యానెళ్లు ప్రత్యేకంగా చేయించాం. ఆ పరీక్షకు సరైన పద్ధతి కూడా వాళ్ల దగ్గరే దొరికింది. బానెట్‌ను మాస్కింగ్ టేప్‌తో రెండు భాగాలు చేసి, ఒకే రకం ప్యాడ్‌లు రెండు తీసుకుని, కోడ్ నంబర్ తప్ప మరేమీ రాయని రెండు సీసాలతో చెరో సగం చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లలో కలిపి తుడిచి చూడటం. ఆ తుడుపుతో గీతల్లో నిండిన నూనెలు పోయి అసలు ఉపరితలం బయటపడుతుంది.

లేజర్‌తో రేణువుల సైజు కొలిస్తే సగటు చక్కగా ఉంది. సగటు చూసి ఆగిపోకూడదని ఈ వృత్తిలో అందరికీ తెలుసు, కానీ ఎంత దూరం చూడాలో ఆ నల్ల కార్లు చూపించాయి. పెద్ద సైజు వైపు సాగిన తోకలో బహు తక్కువ రేణువులు, అవీ ఎక్కువగా ఒకదానికొకటి అతుక్కున్న గుత్తులు, మెత్తటి పెయింట్‌ను గీయడానికి సరిపోతున్నాయి. తోక పొట్టిగా ఉన్న గ్రేడ్ అల్యూమినాకు మారాం, గుత్తులు కట్టకుండా డిస్పర్సెంట్ మార్చాం. మసక చాలావరకు పోయింది.

పోని కొంత భాగానికి కారణం చేతి అలవాటు. పాత తరం పాలిష్‌లలో రేణువులు రుద్దేకొద్దీ నలిగి చిన్నవవుతాయి, ఎక్కువసేపు తిప్పితే కోత దానంతటదే తగ్గి మెరుపు వస్తుంది. మా దాంట్లోవి నలగవు, మొదట్లో ఎంత కోస్తాయో చివర్లోనూ అంతే. అనుభవం ఉన్నవాళ్లే పాత లెక్కన ఒకే ఒత్తిడితో చివరిదాకా తిప్పుతున్నారు. ఆఖరి రెండు రౌండ్లలో మెషీన్ బరువు తప్ప చేతి బరువు వేయొద్దని లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో వేయించాను. ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరిగే రోటరీకి బదులు, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డీఏ (డ్యూయల్ యాక్షన్) మెషీన్ వాడితే హోలోగ్రాముల, అంటే వెలుతురులో కనిపించే మెషీన్ జాడల, బెడద తక్కువని కూడా రాశాం.

ఈ మధ్యలో మా వాళ్లలోంచే ఒక సూచన వచ్చింది: కాస్త సిలికోన్ నూనె వేస్తే గీతలు నిండిపోయి మెరుపు పెరుగుతుంది కదా అని. నేను గట్టిగా వద్దన్నాను. పాలిష్ గీతను తీయాలి, దాచకూడదు. దాచే పనికి గ్లేజ్‌లు ఉన్నాయి, వాటిని ఆ పేరుతోనే అమ్మాలి. నాలుగు వాష్‌ల తర్వాత గీతలు మళ్లీ తేలితే, ఇంకోసారి పాలిష్ చేస్తారు, పొర ఇంకా పలచనవుతుంది. పైగా బాడీ షాపులో సిలికోన్ చుక్క మిగిలితే కొత్తగా వేసే పెయింట్ దాని చుట్టూ గుంటలు పడుతుంది.

సీసా అడుగున పొడి పేరుకోవడం గురించి కూడా ఫిర్యాదులు వచ్చాయి, ముఖ్యంగా వేసవిలో డిక్కీలో ఉంచినవాళ్ల నుంచి. అల్యూమినా నీటి కంటే దాదాపు 4 రెట్లు సాంద్రం, దిగడం దాని స్వభావం. థిక్కెనర్ మార్చి, ఓవెన్‌లో వేడి చేసి, గడ్డకట్టించి కరిగించి చూశాక ఆ సమస్య సద్దుమణిగింది.

ఇప్పుడు ఉన్న రూపం ఫోమ్ ప్యాడ్‌తో, మెత్తటి పెయింట్ మీద కూడా, ఆల్కహాల్ తుడుపు తర్వాత శుభ్రంగా నిలుస్తోంది. మైక్రోఫైబర్ ప్యాడ్‌తో మెత్తటి నలుపు మీద మాత్రం ఇంకా పలుచని మసక మిగులుస్తుంది. అందుకే లేబుల్ మీద ఫోమ్ ప్యాడ్ అని రాసి, మైక్రోఫైబర్ వాడేవాళ్లు ముందు ఒక మూల చిన్న చదరంలో చేసి చూసుకోమన్నాం. దానికోసం ఇంకా సన్న గ్రేడుతో చేసిన నమూనాలు, కోడ్ నంబర్లతోనే, మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాయి.