కరివేపాకు సగం మాకు, సగం పురుగులకు

మల్కాజిగిరిలో మాది 167 గజాల ఇల్లు. మూడు వైపులా అపార్ట్‌మెంట్లే. కట్టినప్పుడు బురద ఉండదని వెనక జాగా అంతా సిమెంటు చేయించాం. 2019 ఎండాకాలంలో అందులో సగం మళ్లీ పగలగొట్టించాం. మా పాప పిట్టల్నీ సీతాకోకచిలుకల్నీ పుస్తకంలోనే చూస్తూ పెరగకూడదని నా పట్టుదల.

మొదట్లో గోడ మీద నూకలు పోశాం, పిచ్చుకలు వస్తాయని. పావురాలు వచ్చాయి, రాలిన నూకల కోసం ఎలుకలు వచ్చాయి. నెల తిరక్కుండా మానేశాం. పిచ్చుకైనా తన పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగులనే అని తర్వాత తెలిసింది. పురుగు ఉండాలంటే అది తినే ఆకు ఉండాలి, ఆ ఆకు మీద మందు పడకూడదు. అసలు తిప్పలు ఇక్కడే మొదలయ్యాయి.

వానలు పడగానే కరివేపాకు చెట్టు నిండా గొంగళిపురుగులు. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలాగే ఉంటాయి, గోధుమ రంగు మీద తెల్ల మచ్చతో. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారిపోతాయి. వేలితో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు చటుక్కున బయటికొస్తాయి, ఘాటైన వాసన వేస్తుంది. "ఏమ్మా, చారులోకి ఒక్క రెబ్బ మిగల్చడం లేదు, కాస్త మందు కొట్టించరాదూ" అని అత్తయ్య రోజూ అనేవారు. ఆవిడ బాధలోనూ న్యాయం ఉంది, ఆ చెట్టు ఆవిడ నాటిందే. చివరికి వేరు నుంచి లేచిన పిలకను తవ్వి ముందువైపు నాటాం. అది వంటకి, వెనకది పురుగులకి. ముందు చెట్టు మీద పురుగు కనిపిస్తే ఆకుతో సహా తెంపి వెనక్కి చేరుస్తాం.

ఒక పురుగు కిటికీ చువ్వకి, నడుముకి సన్నటి దారం చుట్టుకుని గూడు కట్టింది. పది రోజులకి ఆ గూడు నల్లబడి, లోపలి రెక్కల మచ్చలు పైకే కనిపించాయి. మర్నాడు పొద్దున్న పాప కేకలేస్తే అందరం పరిగెత్తాం. సీతాకోకచిలుక తడి గుడ్డలా ముడతలు పడ్డ రెక్కలతో వేలాడుతోంది. ముడతలు మెల్లగా విప్పారుతుంటే అత్తయ్య పొయ్యి కట్టేసి వచ్చి పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అది ఎగిరిపోయేదాకా లేవలేదు. ఆ తర్వాత మందు మాట ఆవిడ నోట రాలేదు.

ఇంట్లో వాళ్లని ఒప్పించడం ఒక ఎత్తు, ఇరుగుపొరుగుని ఒప్పించడం ఇంకో ఎత్తు. నీళ్లు పెడితే దోమలొస్తాయని పక్కింటి అంకుల్ అన్నారు. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు పడుతుంది కాబట్టి, పిట్టల మట్టి మూకుడు రోజు విడిచి రోజు తోమి నీళ్లు మారుస్తాం. కలువల తొట్టిలో గప్పీ చేపలు వదిలాం. ఆయన్ని పిలిచి చూపించాను. ఆ సంగతి అక్కడితో సద్దుమణిగింది.

2021 వానాకాలంలో పాము వచ్చింది. ఆకుల కుప్ప పక్కన ఆరడుగుల జెర్రిపోతు. వీధంతా పోగైంది, ఒకాయన కర్ర తెచ్చాడు. నాకు చేతులు వణుకుతున్నాయి. పాముల్ని చంపకుండా పట్టుకెళ్లే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా కర్రకి అడ్డంగా నిలబడ్డాను. వచ్చిన కుర్రాడు దాన్ని సంచిలోకి ఎక్కిస్తూ, ఇది విషం లేనిది, ఎలుకల కోసం వచ్చిందని అందరికీ చెప్పాడు. అయినా ఆ రాత్రి పక్కవాళ్ల మొహాల్లో భయం చూశాను. చిన్నపిల్లలున్న ఇళ్లు, వాళ్ల టెన్షన్ తప్పనలేను. మర్నాడే గోడ పక్కన పేర్చిన పాత ఇటుకలు తీసేయించాం, ఆకుల కుప్పని గోడకి దూరంగా జరిపి చుట్టూ నేల శుభ్రం చేశాం, మురుగు గొట్టానికి జాలీ బిగించాం. ఇలాంటి తోట పెంచాలనుకునేవాళ్లు ఈ పనులు ముందే చేసుకోండి, మాలాగా పాము వచ్చేదాకా ఆగొద్దు.

ఇప్పుడు కలువ తొట్టి నీడన ఒక బోదురుకప్ప కాపురం ఉంటోంది. పగలగొట్టిన జాగాలో మట్టి తవ్వితే వానపాములు తగులుతున్నాయి. వసారా మూల బూజు దులపడం మానేశాం, ఎందుకంటే తేనెపిట్ట ఆ సాలీడు దారాలనే లాక్కెళ్లి గూడు అల్లుకుంటోంది. పోయినేడాది దండెం కొసన కట్టిన గూడుని పిల్లి లాగేసింది. మూడు రోజులు పాప సరిగ్గా అన్నం తినలేదు. ఈసారి అదే దండెం మీద, కాకపోతే ఇంకాస్త ఎత్తులో, సంచీలా వేలాడే గూడు మళ్లీ కట్టింది. పిల్లి ఎక్కే గోడ మీద మా ఆయన ముళ్లకంప పరిచారు. లోపల గుడ్లున్నాయో లేదో మేం తొంగి చూడలేదు. ఆడపిట్ట ముక్కు మాత్రం గూడు వాకిట్లోంచి కనిపిస్తోంది. వారం రోజులుగా బట్టలు మేడ మీదే ఆరేస్తున్నాం.