గేటు నుంచి అరుగు దాకా ఆరు పలకలు

మాది గుంటూరు, నల్లరేగడి నేల. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు నెర్రెలిస్తుంది. గేటు నుంచి అరుగు దాకా ఉన్న పాత కాంక్రీటు దారి మూడు చోట్ల విరిగింది. అందులో ఒక ముక్క పైకి లేచి అమ్మ కాలికి రెండుసార్లు తగిలింది. మేస్త్రీని అడిగితే "పైన రెండంగుళాల మాలు కొట్టేద్దాం సార్" అన్నాడు. కింద నేలే కదులుతుంటే పైపూత ఎన్నాళ్ళుంటుంది? శని, ఆదివారాల్లో నేనే చేద్దామని దిగాను.

మొదటి వారం పగలగొట్టడమే. 24 అడుగుల పొడవు, మూడున్నర వెడల్పు. సమ్మెటతో మధ్యలో ఎంత బాదినా చెయ్యి జలదరించడమే తప్ప ఏమీ కాలేదు. అంచు కింద గునపం దూర్చి కాస్త లేపి కొడితే అప్పడంలా విరిగింది. "ధనుర్మాసంలో ఇంటి ముందు ఈ తవ్వకమేంట్రా" అని అమ్మ సణుగుడు. చూస్తే కాంక్రీటు మందం మూడంగుళాలు కూడా లేదు, నేరుగా రేగడి మీదే పోశారు.

రెండో వారం నడుం విరిగింది. తొమ్మిది అంగుళాల లోతు రేగడి తీసేసి, గ్రావెల్ రెండు వరసలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి ఐదంగుళాలకు దించాను. మొక్కలకు నీళ్ళ గొట్టం అవతలికి వెళ్ళేలా రెండంగుళాల పీవీసీ పైపు ముక్క అడ్డంగా పూడ్చాను. కాంక్రీటు పోశాక గుర్తొస్తే లాభం లేదు.

మిగిలిన నాలుగంగుళాలు కాంక్రీటు. చేత్తో కలుపుకునే వాడికి మొత్తం ఒకేసారి పోయడం కుదరదు. అందుకే నాలుగడుగులకొకటి చొప్పున ఆరు పలకలుగా విడగొట్టి, మూడో వారం 1, 3, 5 పోశాను. బస్తా సిమెంటుకు 12 లీటర్ల బకెట్‌తో ఆరు బకెట్ల ఇసుక, పన్నెండు బకెట్ల 20 ఎంఎం కంకర. నీళ్ళు 25 లీటర్లు దాటనివ్వలేదు. పక్కింటి బాబాయి గారు "ఇంకో బకెట్ కొట్టవయ్యా, జారుతుంది" అంటూనే ఉన్నారు. జారే మాట నిజమే, బలం తగ్గే మాటా నిజమే. ఒక బస్తా కలిపితే పలక నిండి కొంచెం మిగిలేది. నీళ్ళు నింపిన ట్యూబుతో మట్టం చూసి, మొక్కల వైపు ముప్పావు అంగుళం వాలు పెట్టాను. పైన తేలిన నీరు ఆరాక చీపురుతో అడ్డంగా గీతలు లాగాను, వానలో కాలు జారకుండా.

ఆ రోజు చెప్పులతో దిగడం బుద్ధితక్కువ పని. సిమెంటు నీళ్ళు వేళ్ళ సందుల్లో చేరి రాత్రికి మండి, తెల్లారేసరికి పొక్కులు. తర్వాతి వారం గమ్‌బూట్లు కొన్నాను.

నాలుగో వారం 2, 4, 6. ముందు పోసిన పలకల అంచులకు వాడేసిన ఇంజనాయిల్ పూశాను, కొత్తది అతుక్కోకుండా. అరుగు గోడకు, ఆరో పలకకు మధ్య అరంగుళం థర్మోకోల్ పెట్టాను, పలక కదిలినా గోడను నెట్టకుండా. వాడింది పీపీసీ, అంటే బూడిద కలిసిన, నెమ్మదిగా బలపడే సిమెంటు కాబట్టి పది రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచాను.

నిన్న సంచులు తీసి బకెట్ నీళ్ళు కుమ్మరించి చూశాను. అన్నీ మొక్కల వైపే వెళ్ళాయి. మూడో పలక మూలలో మాత్రం గ్లాసుడు నీళ్ళు నిలిచాయి. అక్కడ చదును చేసే బద్ద జారిన సంగతి ఆ రోజే చూశాను, చీకటి పడుతోందని వదిలేశాను.