సూట్‌కేసులో అరిసెల చెక్కలు

నరసన్నపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్ తెరిస్తే బెర్లిన్‌లో నాతో పనిచేసే ఆవిడ నుంచి ఒకటే లైను: "సర్వర్‌కి పైటెస్ట్ ఎందుకు?" పైటెస్ట్ అంటే పైథాన్ కోడ్‌ని పరీక్షించే పనిముట్టు, యాప్ నడవడానికి దాంతో పనిలేదు. పలకరింపు లేదు, ఏం లేదు. టీమంతా చూసే చోట రాసింది మహాతల్లి. నాకింకా రెండు రోజుల సెలవుంది.

తప్పు నాదే. ఊరికి బయల్దేరే హడావుడిలో పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో ఫ్రీజ్ కొట్టాను, అది నా దగ్గరున్న ప్యాకేజీలన్నిటి జాబితా ఇస్తుంది. వచ్చిందంతా రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో, అంటే సర్వర్ మీద ఏవేవి దించాలో చెప్పే ఫైల్లో పడేశాను. ఏది యాప్‌కి, ఏది నాకు అని దానికేం తెలుసు? పైటెస్ట్, కోడ్‌ని తీరుగా సర్దే బ్లాక్, కోడ్ ముక్కల్ని అక్కడికక్కడే నడిపి చూసుకునే ఐపైథాన్, వాటి వెంట దిగిన చుట్టాలు, అన్నీ రాసేసింది. కావలసినవి 12, ఫైల్లో ఉన్నవి 90 పైచిలుకు.

అయినా యాప్ నడుస్తోంది కదా! నడిచేదానికి ఇంత నస దేనికి? మన దగ్గరైతే సీనియర్ పక్కకి పిలిచి "ఒరే బాబూ, అది కాస్త తీసేయ్" అనేవాడు. నిజం చెప్పాలంటే, అసలు చూసేవాడే కాదు.

ఆవిడ చూసింది. నా యాప్ ఎన్నడూ పిలవని ఐపైథాన్‌లో ఏదో లోపం బయటపడితే, సెక్యూరిటీ స్కాన్ మా ఇమేజ్‌నే, అంటే సర్వర్‌కి పంపే యాప్ మూటనే పట్టుకుంటుంది. వాడని సామాను కోసం మళ్లీ బిల్డ్, మళ్లీ టెన్షన్. విడదీయడం పెద్ద పనీ కాదు. డెవ్‌కి, అంటే కోడ్ రాసేటప్పుడు మాత్రమే వాడే పనిముట్లకి, వేరే ఫైలు పెట్టి, మొదటి లైన్లో డ్యాష్ ఆర్ (-r) అని అసలు ఫైలు పేరు రాస్తే సరి, అందులోవీ వచ్చేస్తాయి. ప్రాజెక్టు వివరాలుండే పైప్రాజెక్ట్ ఫైల్లోనే డిపెండెన్సీ గ్రూపులుగా కూడా రాసుకోవచ్చు. దానికోసం వచ్చిన పైథాన్ ప్రతిపాదన పెప్ 735ని 2024 అక్టోబరులో ఆమోదించారు. పిప్ 25.1 నుంచి గ్రూపు పేరు చెప్పి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. పిప్‌కి బదులు యూవీ వాడేవాళ్లు సర్వర్ మీద సింక్ చేసేటప్పుడు నో డెవ్ (--no-dev) అంటే చాలు.

లోపల అమ్మ సూట్‌కేసు సర్దుతోంది. ఆవకాయ, పలాస జీడిపప్పు, డబ్బా నిండా అరిసెలు. వాటి అడుగున తువ్వాల్లో చుట్టి అరిసెల చెక్కలు రెండు. నూనె తాగి తాగి నల్లబడ్డాయి, అమ్మమ్మ నాటివి.

"అరిసెలు వండేశావు కదమ్మా, చెక్కలు దేనికి?"

"అవైపోతే ఏటి సేస్తావురా? ఉండనీ."

ఆ రాత్రే ఫైలు విడగొట్టి పంపాను. నా టికెట్‌కి 23 కిలోలు. సూట్‌కేసు 25న్నర తూగింది. రెండు జీన్సులూ బూట్లూ తీసి బయటపెట్టాను.