శనగకు రైజోబియం: ప్యాకెట్టు నుంచి వేరు బుడిపె దాకా

నాగులుప్పలపాడు, మద్దిపాడు నల్లరేగళ్లలో శనగ విత్తే రోజులు వచ్చాయంటే "పోయినేడు రైజోబియం కలిపాం, తేడా ఏం కనపళ్లా" అనే మాట తప్పకుండా వినపడుతుంది. ప్యాకెట్టులో ఉన్న రైజోబియం ప్రాణమున్న బాక్టీరియా, వేళ్లలో బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. చాలాసార్లు అది వేరును చేరకముందే చచ్చిపోతోంది.

కొనేటప్పుడు ముందు పంట పేరు చూడండి. శనగ వేళ్లలో బుడిపెలు కట్టే రకం ఒకటి, వేరుశనగకు పనికొచ్చేది ఇంకొకటి. కావలి వైపు ఇసుక నేలల్లో వేరుశనగకు వాడగా మిగిలింది తెచ్చి శనగకు పట్టిస్తే ఫలితం ఉండదు. తర్వాత తేదీ. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రాము పొడిలో కనీసం 5 కోట్లు, మిల్లీలీటరు ద్రవంలో 10 కోట్ల బతికున్న కణాలుండాలి. గడువు దాటినా, బండి డిక్కీలో ఎండకు ఉడికినా ఆ లెక్క నిలవదు.

పది కిలోల విత్తనానికి 200 గ్రాముల పొడి చాలు. 300 మిల్లీలీటర్ల నీళ్లలో 30 గ్రాముల బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లార్చాలి. గోరువెచ్చగా ఉన్నా ఆగండి. అందులో పొడి కలిపి, పట్టా మీద పోసిన విత్తనానికి చేత్తో తేలిగ్గా పట్టించాలి. నీళ్లు ఎక్కువైతే శనగ పొట్టు ఉబ్బి ఊడుతుంది, గట్టిగా రుద్దితే బద్దలు విడిపోతాయి. గింజ గింజకూ నల్లటి పలచని పూత కనిపిస్తే సరిపోయినట్టే. నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తేయాలి.

ఎక్కువమంది దెబ్బతినేది మందుల వరుస దగ్గరే. థైరమ్, కాప్టాన్ లాంటి తెగులు మందుతో కలిపి ఒకేసారి పట్టిస్తే రైజోబియం మిగలదు. తెగులు మందు ముందురోజే పట్టించి ఆరనివ్వాలి, రైజోబియం విత్తే ముందు, మోతాదు రెట్టింపు చేసి. ఎండు తెగులు ఉన్న చేలో నా ఓటు తెగులు బూజును అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మాకే: 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి తడి చిలకరించి, నీడలో గోనె సంచులు కప్పి వారం, పది రోజులు ఉంచితే బూజు అల్లుకుంటుంది. ఆఖరి దుక్కిలో పదునుండగా చల్లాలి. మన రేగడిలో భాస్వరాన్ని సున్నం పట్టేస్తుంది, దాన్ని కరిగించే ఫాస్ఫోబాక్టీరియానూ 2 కిలోలు పశువుల ఎరువుతోనే వేయొచ్చు.

డీఏపీ ఎకరాకు ఒక కట్ట (50 కిలోలు) మించొద్దు. అందులోనే 9 కిలోల నత్రజని ఉంది. పైన యూరియా కూడా వేస్తే మొక్క బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది.

విత్తిన 35, 40 రోజులకు చేలో నాలుగైదు చోట్ల మొక్కల్ని మట్టిగడ్డతో సహా తవ్వి తీయండి. పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. బకెట్ నీళ్లలో నానబెట్టి మట్టి వదిలాక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే అది నత్రజని పడుతున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పనిచేయడం లేదు. ఆ ఏడాదికి పూత దశలో లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేసుకోవడమే మిగిలిన దారి.